కొండెక్కిన జనరేటర్

మినెసోటాలో మంచుకాలానికి రోడ్డుపని ఆపేసే వారం వస్తే, సైట్లో మూడు జనరేటర్లు చూసుకునే మృత్యుంజయరావు జారే ప్యాంటు పైకి లాక్కుంటూ హడావిడి పడతాడు. డీజిల్ చెడకుండా మందు కలుపుతాడు. ఎలకలు దూరకుండా పొగగొట్టాలకు మూతలు బిగిస్తాడు. టార్పాలిన్ కప్పి, పసిపిల్లలకు దుప్పటి దోపినట్టు అంచులు దోపుతాడు. ‘డెడ్’ అనే మాట మాత్రం నోట రానివ్వడు. దీపం ఆరిపోయిందంటే చెంపలేసుకోమనే ఇంట్లో పుట్టాడు మరి. వాళ్ళింట్లో దీపం కొండెక్కుతుంది.

ఈసారి సూపర్‌వైజర్ డేవ్ ఫోన్ చేసి, "జయ్, ఈజ్ నంబర్ టూ డెడ్?" అన్నాడు.

"డోంట్ సే దట్, డేవ్! ఇట్ హాజ్ క్లైమ్డ్ ద హిల్."

సైటు వెనక నిజంగానే ఓ గుట్ట ఉంది. జనరేటర్‌ని దొంగలు అటు లాక్కుపోయారనుకుని, డేవ్ మోకాలిలోతు మంచులో గుట్టంతా గాలించాడు. రొప్పుతూ తిరిగొస్తే టార్పాలిన్ కింద నంబర్ టూ, దాని పక్కన కాఫీ తాగుతూ మృత్యుంజయరావు కనిపించారు. డేవ్ పలకరించకుండా వెళ్ళిపోయాడు. తన ఉద్యోగమూ కొండెక్కినట్టే అనుకున్నాడు మృత్యుంజయరావు.

ఏప్రిల్లో పని మళ్ళీ మొదలైన రోజు అతను మీట నొక్కితే, మూడో జనరేటర్ కూడా దగ్గి, తుమ్మి, అందుకుంది. వెంటనే రేడియోలో డేవ్ గొంతు ఖంగుమంది: "లిజన్, ఎవ్రీబడీ! ఆల్ త్రీ ఆర్ డౌన్ ద హిల్!"