కన్నయ్య నాయుడింట్లో ఫిన్లాండ్ సినిమా

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్ మొదటి వారంలో నన్ను చెన్నై ప్రధాన కార్యాలయం నుంచి తిరువళ్ళూరు శాఖకు సీనియర్ సెలెక్టర్‌గా బదిలీ చేశారు. అప్పటికి నా పదవీ విరమణకు ఇంకా మూడేళ్ళు కూడా లేవు. పుట్టి పెరిగిన ఊరు కాబట్టి బదిలీకి బాధపడలేదు. తిరువళ్ళూరులో ఎవరు చూస్తారమ్మా నీ హంగేరీ సినిమాలు అని చెన్నైలో తోటివాళ్ళు నవ్వినందుకు మాత్రం ఒళ్ళు మండింది. చూపిస్తాను ఉండండి అనుకునే రైలెక్కాను.

మా పని గురించి తెలియనివాళ్ళే ఎక్కువ కాబట్టి కొంచెం చెప్పాలి. పాత క్లాసిక్ చిత్రాలు, విదేశీ కళాత్మక చిత్రాలు ఇంట్లో కూర్చుని చూడాలనుకునే సభ్యులకు, వాళ్ళింటికి తగినవి ఎంచి నెలకు రెండు డిస్కులు పంపుతుంది మా సంస్థ. ఇప్పుడు అన్నీ ఫోన్లోనే దొరుకుతాయి కదా అని చాలామంది అడిగేవారు. బట్టల కొట్లో చీరలన్నీ దొరుకుతాయి. అయినా తెలిసినవాళ్ళను ఒకరిని వెంట తీసుకెళ్తాం. ఆ వెంట వెళ్ళే మనిషే సెలెక్టర్. జూనియర్, సెలెక్టర్, సీనియర్, ఆ పైన శాఖలన్నిటికీ కలిపి ఒక్క చీఫ్. ఆ చీఫ్ కుర్చీ మీద నాకు ఆశ ఉండేదని దాచడం ఎందుకు?

కొత్త సభ్యులు చేరగానే సెలెక్టర్ వాళ్ళింటికి వెళ్ళి ‘ఇంటి చీటీ’ రాయాలి. ఎవరెవరు చూస్తారు, ఎంతసేపు కదలకుండా కూర్చుంటారు, ఏం కనిపిస్తే లేచి వెళ్ళిపోతారు, ఇవన్నీ అందులో ఉంటాయి. మా శాఖలో ఆ చీటీకి ఒక గడి అదనంగా ఉండేది. దాని పేరు ‘చదువరి’. మా వైపు పెద్దవాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో నేర్చింది అరవం. సినిమా కింద వచ్చే అక్షరాలు ఇంగ్లీషు. అందుకని ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఆ అక్షరాలు చదివి, అప్పటికప్పుడు తెలుగు చేసి, గట్టిగా చెబుతూ ఉంటారు. మిగతావాళ్ళు బొమ్మ చూస్తూ వింటారు. ఆ చెప్పే మనిషి పేరు రాసుకునే గడి అది.

రెండు నియమాలు ఉండేవి. ఏ డిస్కు పంపుతున్నామో అదే డిస్కును సెలెక్టర్ ముందుగా రెండుసార్లు చూడాలి. రెండోసారి శబ్దం, అక్షరాలు రెండూ తీసేసి చూడాలి. దీన్ని మూగ పరీక్ష అనేవాళ్ళం. మాటల్లేకుండా కూడా నిలబడే సినిమానే మా ఇళ్ళలో నిలబడుతుంది. ఇక రెండో నియమం, మొదటి సినిమా ఆ ఇంటివాళ్ళతో కలిసి కూర్చుని చూడాలి. ఆ తర్వాత నెలనెలా ఫోన్ చేసి అభిప్రాయం తీసుకోవాలి, అది కూడా చదువరి దగ్గర కాదు, విన్నవాళ్ళ దగ్గర.

తిరుత్తణిలో కన్నయ్య నాయుడి ఇల్లు మరుసటి ఫిబ్రవరిలో చేరింది. నాయుడిది పళ్ళిపట్టు పక్కన పల్లె. చెరుకు, మామిడి వ్యవసాయం. భార్య పోయాక, గుండె జబ్బు బయటపడ్డాక, తిరుత్తణిలో స్కూలు టీచరుగా ఉన్న పెద్ద కూతురు దేవకి దగ్గరికి వచ్చి ఉంటున్నాడు. మా సంస్థలో చేరడానికి వాళ్ళు చెప్పిన కారణం నా ఉద్యోగంలో ఎక్కడా వినలేదు. ఫైటింగులు, అరుపులు ఉన్న సినిమాలు చూడకూడదని డాక్టరు చెప్పాడట. "నిదానంగా పొయ్యే సినిమాలు మీ దగ్గరే ఉండాయని ఎవరో చెప్పినారు మేడం," అంది దేవకి. నిదానానికి మాకు కొదవేముంది! చదువరి గడిలో దేవకి పేరు రాశాను. మొదటి సినిమాకు పక్కనే కూర్చున్నాను. చక్కగా, ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆ తర్వాత ఐదు నెలలు ఆ ఇంటి అభిప్రాయాలు చూసి నేను మురిసిపోయాను. నాయుడు రెండు గంటల సినిమా గురించి పావుగంట మాట్లాడేవాడు. గడియారాలు బాగుచేసే ముసలివాడి మీద తీసిన చెక్ చిత్రం చూసి, "ఆ నాయన మనసులో కూతురి మీదనే ఉండాది ధ్యానమంతా," అన్నాడు. ఆ చిత్రంలో కూతురి ప్రస్తావన ఒక్క ఫోటో రూపంలో, ఒక్క క్షణం వస్తుంది. అంత సూక్ష్మాన్ని ఒక రైతు పట్టుకున్నాడని చెన్నై నెలవారీ సమావేశంలో చదివి వినిపించాను. అందరూ చప్పట్లు కొట్టారు. నా బదిలీ అప్పుడు నవ్వినవాళ్ళ మొహాలు ఒక్కొక్కటిగా చూసుకున్నాను.

జూలై మధ్యలో, ఆడి నెల మొదట్లో, మామూలుగా ఫోన్ చేశాను. ఆ నెల పంపినవాటిలో ఒకటి జపాన్ చిత్రం. ఒక పడవ, ఇద్దరు అన్నదమ్ములు, రెండు గంటల వాన. అంతే. నాయుడు ఉత్సాహంగా అందుకున్నాడు. "ఆ కూతురు వచ్చి గట్టుమీద నిలబడింది చూడమ్మా, నాయన ఒక్క మాట అనకుండా కంచంలో అన్నం పెట్టినాడు. రొంబ బాగుండాది."

ఆ సినిమాలో కూతురే లేదు. గట్టుమీద నిలబడేది వలలు అల్లే ముసలమ్మ.

డిస్కు మారిపోయిందేమోనని రిజిస్టరు చూశాను. మారలేదు. అప్పుడు ఆ ఇంటి పాత అభిప్రాయాలన్నీ తీసి వరసగా చదివాను. పోలండ్ చిత్రంలో కూతురు తిరిగొచ్చింది. మెక్సికో చిత్రంలో కూతురు తిరిగొచ్చింది. నేను సూక్ష్మమని చప్పట్లు కొట్టించుకున్న చెక్ చిత్రంలోనూ, కొంచెం జాగ్రత్తగా చదివితే, కూతురు తిరిగొచ్చే ఉంది. వేరే ఏదో ఇల్లయితే సరేలే అనుకునేదాన్ని. ఇది నా పేరు నిలబెట్టిన ఇల్లు. ముప్పై ఏళ్ళ సర్వీసులో అంత అవమానంగా ఎప్పుడూ అనిపించలేదు.

తర్వాతి శనివారం తనిఖీ పేరు పెట్టుకుని తిరుత్తణి వెళ్ళాను. నాయుడు లోపల పడుకుని ఉన్నాడు. దేవకిని వంటింట్లోనే నిలబెట్టి అడిగేశాను. ఇంకొకరు ప్రాణం పెట్టి తీసిన సినిమాలో కథ మార్చడానికి నువ్వెవరని గట్టిగానే అన్నాను. ఆమె తప్పించుకోవాలని చూడలేదు.

"తప్పే మేడం, నేను కాదనలా. నా చెల్లెలు సరళ ఎనిమిదేండ్ల కింద చెప్పకుండా పెండ్లి చేసుకున్నాది. గుమ్మిడిపూండిలో ఒకే ఫ్యాక్టరీలో పనిజేసే అబ్బాయి, వాళ్ళు క్రిస్టియన్లు. దాని పేరెత్తితే నాయన అన్నం ముందర నించి లేచేస్తాడు. ఒక సినిమాలో ఊరికే ఒక్క మాట మార్చి చెప్పినా, కూతురు వచ్చింది అని. లేయకుండా ఇనినాడు. అట్లే మార్చుకుంటా పోయినా."

మిగతాది ఆమె కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. ఆడి నెల దాటగానే చెన్నైలో నాయుడికి గుండె ఆపరేషన్. తాను పోయినా సరళను గుమ్మం తొక్కనివ్వకూడదని దేవకి చేత ఒట్టు వేయించుకున్నాడు. సరళ మాత్రం ప్రతి నెలా రెండో ఆదివారం రెండు రైళ్ళు మారి తిరుత్తణి స్టేషనుకు వస్తుంది. అక్కాచెల్లెళ్ళు ప్లాట్‌ఫారం మీదే కాసేపు కూర్చుని మాట్లాడుకుంటారు. తండ్రి ఎలా ఉన్నాడో తెలుసుకుని అటునుంచి అటే వెళ్ళిపోతుంది. ఆపరేషన్‌కు ముందు రెండో ఆదివారం ఇంక ఒక్కటే మిగిలింది.

"ఇంకొక్క సినిమా ఇయ్యండి మేడం," అంది. "నిజంగానే కూతురు తిరిగొచ్చే సినిమా. నేను అబద్ధం చెప్పే పని లేకుండా. తర్వాత మీరు నా పేరు కొట్టేసినా సరే."

కోపం తగ్గిందని చెప్పను. కానీ ఎంపిక చేయమని అడిగితే సెలెక్టరు బుర్ర ఊరుకోదు. తిరువళ్ళూరుకు రైలు చేరేలోపే నాకు సినిమా దొరికింది. ఫిన్లాండ్ వాళ్ళ పాత నలుపు తెలుపు చిత్రం. మంచు ప్రాంతంలో కట్టెల మిల్లు కాపలాదారు, ఇల్లు విడిచి వెళ్ళిన కూతురు. చివరికి కూతురు తిరిగొచ్చి వాగు మీది చిన్న వంతెన దగ్గర నిలబడుతుంది. తండ్రి లాంతరు పట్టుకుని వాకిట్లోకి వచ్చి, ఎవరా అని లాంతరు పైకెత్తుతాడు. ఆమె ముఖం మీద వెలుతురు పడుతుంది. సినిమా అయిపోతుంది. ఫిల్మ్ సొసైటీలో పనిచేసిన రోజుల్లో నాలుగుసార్లు చూశాను. మా శాఖకు దాని కొత్త డిస్కు ఆ మధ్యనే వచ్చింది, పాడైన నెగటివ్‌ను బాగుచేసి వేసిన పునరుద్ధరణ ప్రతి. నియమం ప్రకారం ఆ డిస్కును రెండుసార్లు చూడాలి. నాలుగుసార్లు చూసినదాన్ని ఇంకేం చూస్తాంలే అనుకుని, చూసినట్టు రిజిస్టర్లో సంతకం పెట్టాను. నా ఉద్యోగ జీవితంలో అలా పెట్టిన సంతకం అదొక్కటే.

ఆ రెండో ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు నేనూ వెళ్ళి కూర్చున్నాను. ఎందుకు వెళ్ళానని అడిగితే, నా ఎంపిక పనిచేస్తే కళ్ళారా చూడాలనే. కొండమీది గుడిలో కావడి మొక్కు తీర్చుకుని దిగివచ్చే జనంతో వీధంతా సందడిగా ఉంటే కిటికీలు మూశారు. నాయుడు వాలు కుర్చీలో, దేవకి కింద చాప మీద. మొదటి సినిమా తర్వాత మళ్ళీ ఇప్పుడే ఆమె ఉన్నది ఉన్నట్టు చెబుతోంది. గొంతులో తేడా నాకే తెలుస్తోంది. ఎక్కడా తడబడటం లేదు.

ఆఖరి ఘట్టం వచ్చింది. వంతెన, కూతురు, లాంతరు. ముసలివాడు లాంతరు పైకెత్తాడు, ఆమె ముఖం మీద వెలుతురు పడింది. నేను హాయిగా వెనక్కి వాలాను.

సినిమా అయిపోలేదు.

తెర మీద ముసలివాడు లాంతరు దించాడు. ఆమెనే చూస్తూ కాసేపు నిలబడ్డాడు. తర్వాత వెనక్కి తిరిగి, ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. గడియ పడిన చప్పుడు వినిపించింది. కిటికీలో వెలుతురు ఆరిపోయింది. మంచులో, వంతెన దగ్గర, ఆ అమ్మాయి అలాగే నిలబడి ఉంది. పాత ప్రతిలో తెగిపోయిన ముక్క అది. నెగటివ్ బాగుచేసేటప్పుడు దొరికితే అతికించారు. నేను నాలుగుసార్లు చూసింది ముగింపు లేని సినిమా!

ఆ ముక్కలో మాటల్లేవు కాబట్టి కింద అక్షరాలూ లేవు. దేవకి చదవడానికి ఏమీ లేదు.

"ఏమైందిమా?" అన్నాడు నాయుడు.

దేవకి నా వైపు చూసింది. మళ్ళీ తండ్రి వైపు తిరిగి, "తలుపు తీసినాడు నాయనా, లోపలికి రా అన్నాడు," అంది. మూసిన తలుపు తెర మీద కనబడుతూనే ఉంది. ఆ ముసలాయనకు ఇప్పుడేమైనా అయితే అది నా సంతకం వల్లే.

నాయుడు వాలు కుర్చీలో ముందుకు వంగి తెర వైపు చూశాడు. తర్వాత నిదానంగానే అన్నాడు.

"తలుపు ఏసుకున్నాడు దేవకీ. నాకు కండ్లు లేవా? ఆ పడవ సినిమాలో కూడా గట్టుమీద ఉండింది ముసల్ది. కూతురు యాడ నుంచి వస్తాది? నువ్వు చెప్తాంటే ఇందామని ఊరికుండినా, అంతే."

దేవకి తల దించుకుంది. నేను ఏదో చెప్పబోతే ఆయన చేయి ఎత్తి ఆపాడు.

"నువ్వు చెప్పినవన్నీ బాగుండె. కానీ అన్నిట్లో నాయన కథనే చెప్తివి, నాయన మనసు మారినాది, నాయన అన్నం పెట్టినాడు అని. తలుపు ఏసినాక బయట ఆ పాప ఎట్లా నిలబడుకోనుండాదో చూసినావా? లోపల ఉండేవానికి అది కనబడదుమా. నాకు ఎనిమిదేండ్లు కనబడలా." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "ఈ పొద్దు రెండో ఆదివారమే కదా, నెలనెలా నువ్వు స్టేషనుకు పొయ్యేది నాకు తెలీదా. స్టేషన్లో కూర్చోనుంటాది. పోయి పిల్చుకోని రా."

దేవకి చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళింది. ఆయనకు మంచినీళ్ళిచ్చి, డిస్కు తీసి పెట్టెలో పెట్టుకుని, నేనూ బయటికి వచ్చేశాను. వీధి మలుపులో ఆటో ఎదురైంది. అందులో దేవకి పక్కన ఉన్నామె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆపి పలకరించలేదు.

మర్నాడు ఉన్నదంతా రాసి ప్రధాన కార్యాలయానికి పంపాను. చూడని డిస్కుకు సంతకం పెట్టింది, సమావేశంలో నేను చదివిన అభిప్రాయాలు ఆ సినిమాలవి కావన్నది, రెండూ రాశాను. మెమో వచ్చింది. చీఫ్ పదవి నా తర్వాత చేరినామెకు ఇచ్చారు. సీనియర్ సెలెక్టర్‌గానే రిటైరయ్యాను. అందులో అన్యాయమేమీ లేదు. నాయుడి ఆపరేషన్ సక్రమంగా జరిగింది. ఆసుపత్రిలో పది రోజులూ దగ్గర ఉన్నది సరళేనని దేవకి ఫోన్లో చెప్పింది.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు ఆ డిస్కు వల్ల నేను నేర్చుకున్నది చెప్పగలను. ఎన్నిసార్లు చూసిన సినిమా అయినా, పంపే ప్రతిని చివరి ఫ్రేము దాకా మళ్ళీ చూడాలి. అక్షరాలు చదవలేనివాళ్ళకు బొమ్మ అర్థం కాదని అనుకోకూడదు. ఈ రెండూ నేను ఒప్పుకునే పాఠాలే. మూడోది మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు. నియమం ప్రకారం ఆ ఆఖరి షాట్ ముందే చూసి ఉంటే, ఆ సినిమాను ఆ ఇంటికి నేను పంపేదాన్నే కాదు.