ఉపవాస ప్రార్థనలో మటన్ కుక్కరు

మాది భిలాయి, క్యాంప్ 1. మూడేళ్ల కిందట ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థన మా ఇంట్లో పెట్టుకున్నాం. ఉపవాసం నాకే గానీ మా ఆయనకు కాదు. స్టీలు ప్లాంటులో ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చేసరికి మటన్ ఉండాలన్నారు.

ప్రార్థన ముగియవచ్చింది కదా అన్న ధైర్యంతో, ఎవరూ చూడకుండా కుక్కరు సన్నటి సెగ మీద పెట్టి వచ్చి మోకరించాను. ఆఖరి ప్రార్థన మా వీధి పెద్దావిడ రాహేలత్తది. ఆవిడ కళ్లు మూసుకుంటే లోకమంతా చుట్టి వచ్చాకే తెరుస్తుందన్న సంగతి మరిచిపోయాను. మా దగ్గరి నందిని గనుల్లో పనిచేసేవాళ్ల కోసం ప్రార్థించడం అయింది, కుమ్హారిలో ఉన్న కోడలి నడుం నొప్పి అయింది, దేశాలనేలేవాళ్ల దగ్గరికి వచ్చింది. మధ్యలో లేవడం మాలో పెద్ద తప్పు.

మొదటి కూతకి, అది ఎవరికీ వినబడకూడదని "ప్రభువా" అని గట్టిగా అరిచాను. రెండోదానికి ఇంకా గట్టిగా అరిచాను. మూడోదానికి మసాలా వాసన గదిలోకి వచ్చేసింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

పక్కింటి పిల్ల నా భుజం నిమిరి, "దీదీ ఎంత భారంతో ప్రార్థన సేస్తందో" అంది.

నాలుగో కూతకి రాహేలత్త కళ్లు తెరవకుండానే, గొంతు మార్చకుండానే, "ప్రభువా, కుక్కరు నాలుగు సీటీలు కొట్టీసినాది. ముక్క మాడిపోకముందే ఈ పిల్ల లేచి గ్యాసు కట్టీలాగ బుద్ధి దయచెయ్యి తండ్రీ" అంది.

అందరూ ఒక్క గొంతుతో ఆమెన్ అన్నారు.

ఇరవై ఏళ్లుగా మందిరానికి వెళ్తున్నాను. నిండు మనసుతో ప్రార్థించింది మాత్రం ఆ నాలుగు కూతల సేపే.