చలికాలంలో ఫ్యాను

మా ఇంట్లో పాత సీలింగు ఫ్యాను ఒకటి ఉంది. తిరిగినంతసేపూ టక్కుటక్కుమంటూనే ఉంటుంది. బాగు చేయించమని పక్కింటివాళ్లు చెప్పి చెప్పి విసిగిపోయారు. పైగా నేను దాన్ని చలికాలం సాయంత్రాలు కూడా వేస్తాను. సిరిసిల్ల జనం ఏదైనా భరిస్తారు గానీ చలిలో ఫ్యాను వేసుకున్న మనిషిని ఊరికే వదలరు. నాకు కొంచెం తిక్క అని వెనకాల అనుకుంటారని తెలుసు. అనుకోనీ. ఆ టక్కుటక్కు వినగానే నాకు జగిత్యాల కోర్టులో ఒక చిన్న గది, అందులో ఇలాయిచీ నములుతూ కూర్చున్న కౌసర్ మేడమ్ గుర్తొస్తారు. ఆవిడ పోయి ఏడాది దాటింది.

ముందు నా సంగతి చెప్పాలి. నేను పుట్టుకతోనే అనుమానపు మనిషిని. కూరగాయలు తూకం వేస్తుంటే తక్కెడను కాదు, పట్టుకున్న వేళ్లను చూస్తాను. నా భర్త రమేష్‌ది కోరుట్ల. మా ఇద్దరికీ ఎందుకు పొసగలేదో ఇక్కడ రాయను. అందులో సగం అతను చెప్పాల్సింది, అతను ఇక్కడ లేడు. విడిపోవాలని మాత్రం ఇద్దరమూ అనుకున్నాం. తేలనిదల్లా మా బిడ్డ శ్రావ్య. అప్పుడు దానికి ఏడేళ్లు. నా దగ్గరే ఉండాలని నేను, కోరుట్లలో ఉండాలని అతను. అతను జగిత్యాల కోర్టులో కేసు వేశాడు. మా అన్న నాకోసం ఒక వకీలును మాట్లాడిపెట్టాడు.

వకీలు గట్టివాడే. కాగితాలన్నీ చూసి గెలుపు మనదేనన్నాడు. కాకపోతే జడ్జిగారు పిల్లను లోపలికి పిలిపించి, ఎవరి దగ్గర ఉంటావని అడగవచ్చట. "ఏం చెప్పాల్నో మనం ముంగట్నే నేర్పుదాం తియ్యమ్మా" అన్నాడు, ఎక్కాలు నేర్పుదామన్నంత తేలిగ్గా. మర్నాడు పొద్దున శ్రావ్య జడను మూడుసార్లు విప్పి మళ్లీ అల్లాను. నాన్న వద్దని ఆ నోటితో చెప్పించాలి. చెప్పించి గెలవాలి. గెలిచాక ఆ మాటను అది బతికినంతకాలం మోయాలి. పోనీ ఊరుకుందామంటే, రేపు కోరుట్లవాళ్లు దానికి అమ్మ వద్దని చెప్పడం నేర్పితే?

అంతలో కోర్టు మమ్మల్ని మధ్యవర్తిత్వానికి పంపింది. అక్కడ కుదిరితే సరి, కుదరకపోతే మళ్లీ వకీళ్లే కొట్లాడుకుంటారు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. పెద్దమనుషుల పంచాయితీ ఎట్లా ఉంటుందో కోరుట్లలో ఒకసారి చూశాను. ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "నాకు చెప్పు బిడ్డా, కడుపుల వెట్టుకుంట" అన్నాడు. నమ్మి చెప్పుకున్న మాట పొద్దుగూకేసరికి మా అత్త నోట్లో ఉంది. దాన్ని పట్టుకుని నన్నే నలుగురిలో నిలబెట్టారు. అదే పంచాయితీని తెచ్చి కోర్టు గోడల మధ్య పెడితే మాత్రం మారుతుందా? పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని ఊరికే అన్నారా? పైగా మా దగ్గర పైసా తీసుకోరట. పుక్కట్ల వచ్చేదాంట్లో ఏదో మతలబు ఉండకుండా ఉంటుందా? వకీలు కూడా, పోయి కూర్చుని రా, దేనికీ ఒప్పుకోకు అని చెప్పి పంపాడు.

మొదటిసారి వెళ్లినప్పుడు మావాళ్లు ఒక జీపు నిండా, వాళ్లవాళ్లు ఒక జీపు నిండా దిగారు. ఆ గుంపును చూసి, మధ్యవర్తిగా కూర్చున్న కౌసర్ మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. అరవై దాటిన మనిషి. తలమీద కొంగు, కుర్చీ వెనక తగిలించిన నల్లకోటు. ఆవిడా వకీలేనని తెలిసి నా అనుమానం ఇంకాస్త పెరిగింది. కేసులు నడిస్తేనే కడుపు నిండేవాళ్లు కేసు ఎందుకు ఆపుతారు?

"పెండ్లి వీళ్లిద్దరిదే గదా. మిగిలినోళ్లు బయట కూసోండ్రి" అన్నారామె. రమేష్ మేనమామ ఏదో అనబోతే నవ్వుతూనే తలుపు చూపించారు. తర్వాత లేచి ఫ్యాను స్విచ్చి నొక్కారు. బయట జనం మఫ్లర్లు చుట్టుకుని ఉన్నారు, ఇక్కడ ఫ్యాను టక్కుటక్కుమని తిరుగుతోంది. ఈ చలిలో ఫ్యాను ఎందుకు? ఎవరికి ఏం వినపడకూడదని? బయటికొచ్చాక మా అన్న కూడా అదే అన్నాడు. "అందరు గల్సి నిన్ను ముంచుతరు చెల్లే. ఫ్యాను చప్పుడుల మాకొక్క ముచ్చటన్న ఇనవడలే." అయితే తలుపుకు చెవి ఆనించే ఉన్నాడన్నమాట. మా అన్న చెవి పక్కనే రమేష్ మేనమామ చెవి కూడా ఉందని తర్వాత తెలిసింది.

రెండోసారి ఆమె మమ్మల్ని విడివిడిగా కూర్చోబెట్టారు. ముందు రమేష్ లోపలికి వెళ్లాడు. నేను వరండాలో, గది కిటికీకి ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చున్నాను. అద్దంలోంచి అతని ముఖం నేరుగా కనబడుతోంది. ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. నేను సాంచాల మధ్య పెరిగాను. మరమగ్గాలను మేము సాంచాలంటాం. అవి నడుస్తుంటే పక్కనున్న మనిషి అరిచినా వినబడదు. మా అమ్మ ఒక మూల నూలు కండెలు చుడుతూ ఇంకో మూలనున్న నాన్నతో పెదవులతోనే మాట్లాడేది. అన్నం తిన్నావా అని అడగడం, కోప్పడటం, అలగడం అంతా అట్లాగే. నాకు అక్షరాలకంటే ముందు పెదవులు చదవడం వచ్చింది. కౌసర్ మేడమ్ ఫ్యాను తలుపు దగ్గరి చెవులను ఆపింది గానీ నా కళ్లను ఆపలేదు. మొహమాటం లేకుండా చూశాను. బిడ్డ విషయం అది, మొహమాటానికి తావెక్కడ?

అతను ముందు తల వంచుకునే మాట్లాడాడు, పెదవులు కనబడలేదు. తల ఎత్తాక అన్న మాటలు అద్దం మీద రాసినంత స్పష్టంగా కనిపించాయి. "బిడ్డను అడగొద్దు మేడమ్. అమ్మ గావాల్నా నాయిన గావాల్నా అని ఎవ్వలు అడగొద్దు. నేను ఓడిపోయినా మంచిదే."

ఆ మనిషి నోట ఆ మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

తర్వాత నా వంతు. లోపలికి వెళ్తూనే నాలోని అనుమానం మళ్లీ లేచి కూర్చుంది. సరే, ఇప్పుడు ఈవిడ సంగతి తేలిపోతుంది అనుకున్నాను. అతను ఏమన్నాడో నాకు తెలుసు, నాకు తెలుసని ఆవిడకు తెలియదు. నన్ను మెత్తబరచడానికి ఆ మాట వాడుకుంటుందా, లేక దాన్ని తిప్పి ఇంకోటి చెప్తుందా? "ఏమన్నడు మేడమ్?" అని అమాయకంగా అడిగాను.

ఆమె ఒక ఇలాయిచీ ఒలిచి నోట్లో వేసుకున్నారు. "ఆయన చెప్పింది ఆయనతోనే ఉంటది బిడ్డా. నువ్వు చెప్పేది నీతోనే ఉంటది. ఎవ్వలది వాళ్లు చెప్పుమంటే చెప్త, లేకుంటే లేదు."

ఆ ఒక్క మాట చెప్పి ఉంటే నేను అప్పటికప్పుడు కరిగిపోయేదాన్ని, ఆమె పని సులువయ్యేది. అది ఆమెకూ తెలుసు. అయినా చెప్పలేదు. నాకేం భయమని మాత్రం అడిగారు. అంతవరకు కన్నతల్లికి కూడా చెప్పని మాట అప్పుడు నా నోట్లోంచి వచ్చింది. వకీలు నేర్పే మాటలు నా బిడ్డ చెప్పకూడదు, దాన్ని ఎవరూ అడగకూడదు అన్నాను, అని ఏడ్చాను. ఒకే మాట రెండు వైపుల నుంచి ఆమె చేతికి వచ్చింది. వేరే ఎవరైనా ఎగిరి గంతేసేవారు. ఆమె ముఖంలో ఏమీ కదలలేదు. నేను కళ్లు తుడుచుకునేదాకా ఆగి, "గీ ముచ్చట ఆయనకు చెప్పనా?" అని అడిగారు. చెప్పమన్నాను. అతన్ని కూడా అట్లాగే అడిగి ఉంటారు. ఆ సాయంత్రం బస్‌స్టాండ్‌లో వకీలుకు ఫోన్ చేసి, కేసు కొట్లాడటం ఆపుదామన్నాను. నిన్ను మాయ చేశారమ్మా అన్నాడు. ఆ రోజు మొదటిసారి, మాయ చేసిందెవరో నేను చూసుకుంటానులే అనగలిగాను.

మూడోసారి వెళ్లేసరికి గదిలో కుర్చీలు మారి ఉన్నాయి. లోపల కూర్చునేవాళ్ల వీపు కిటికీ వైపు ఉండేలా తిప్పేశారు. నేను గమనించనట్టే ఉన్నాను. శ్రావ్య నా దగ్గరే ఉండి చదువుకోవాలని, సెలవుల్లో కోరుట్ల వెళ్లాలని, నాన్న రోజూ ఫోన్ చేయవచ్చని రాసుకున్నాం. అన్నిటికంటే పైన, పిల్లను ఎవరూ ఏదీ అడగకూడదని రాసుకున్నాం. చివరికి కోర్టు ఇద్దరి ఒప్పుకోలుతో విడాకులు ఇచ్చింది. మా శ్రావ్య ఆ కోర్టు మెట్టు ఎక్కలేదు.

చివరిరోజు అందరూ వెళ్లాక ఆగి, చలిలో ఆ ఫ్యాను ఎందుకని అడిగేశాను.

"నీకోసం గాదు. తలుపుకు చెవులు వెట్టేటోళ్ల కోసం" అన్నారు.

"మరి కుర్చీలు ఎందుకు తిప్పిండ్రు?"

ఆమె కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. "గవి నీకోసమే. మా తల్లిగారిల్లు గూడ సిరిసిల్లనే బిడ్డా. సాంచాల కాడ పెరిగినోళ్లు కండ్లతోని ఇంటరని నాకెరుకలేదా? గా దినం నీ కండ్లు జూసినంక యాదికొచ్చింది." నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఏం చూశావని ఆమె అడగలేదు. "గది గూడ నీతోనే ఉండనియ్యి" అని మాత్రం అన్నారు. అందుకే ఆ మాటను ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాయబోయే ముందు కూడా రమేష్‌కు ఫోన్ చేసి, రాయనా అని అడిగాను. రాసుకొమ్మన్నాడు.

అనుమానం నన్ను వదిలిపోయిందనుకునేరు. ఎక్కడికి పోతుంది? శ్రావ్య ఇప్పుడు నా ఎత్తు పెరిగింది. సాయంత్రం కాగానే వాళ్ల నాన్న ఫోన్ వస్తుంది. అది గడప మీద కూర్చుని మాట్లాడుతుంది. నేను వంటింట్లో ఉన్నా దాని పెదవులు కనబడతాయి. కోరుట్లలో నా గురించి ఏమనుకుంటున్నారో, అది ఏం చెప్తోందో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటుంది. ఒక్క చూపు చాలు. లేచి ఫ్యాను వేస్తాను, గోడ వైపు తిరిగి కూర్చుంటాను.

"అమ్మా, చలి వెడ్తుందే, ఫ్యాను బంద్ చెయ్యరాదు" అని నిన్న కూడా అరిచింది.

"మీ నాయినతోని మాట్లాడుడు ఒడిసినంక చేస్త" అన్నాను, గోడ వైపు తిరిగే.