అరగదీసిన అంచులు

మా మరిదిగారు ఫోన్ చేసేటప్పటికి నేను వరండాలో కూర్చుని ములక్కాడలు కోస్తున్నాను. ఆయన నా భర్తకి పినతండ్రి కొడుకు. అమలాపురంలో పెద్ద ఫొటో స్టూడియో ఉంది. నా భర్త పోయిన ఈ నాలుగేళ్లలో ఆయన నాకు ఫోన్ చేయడం అదే మొదలు.

"ఫిల్మ్ కడగడం ఈ చుట్టుపక్కల మీకు తప్ప ఇంకెవరికీ రాదండి వదినా. ఒక్కసారి రావాలండి," అన్నారు.

ఆ మాట నిజమే. కొత్తపేటలో మా స్టూడియో ఉన్నన్నాళ్లూ ఫొటోలు తీయడం నా భర్త వంతు, చీకటి గదిలో పని నా వంతు. పెళ్లయిన రెండో నెలలోనే ఆ పని నేర్పారు. ఆయన దగ్గర ఒక మడత కెమెరా ఉండేది. ముందున్న చిన్న తలుపు తెరిస్తే హార్మోనియం తిత్తిలా నల్లటి తిత్తి బయటికి సాగి, దాని చివర లెన్స్ నిలబడేది. మూసేస్తే పుస్తకమంత అయ్యేది. రోలుకి పన్నెండే ఫొటోలు. నెగటివ్ పెద్దది కావడం వల్ల ఎంత పెద్ద కాయితం మీద వేసినా మొహంలో ముడతలు కూడా కనిపించేవి.

మరిదిగారు ఫొటోలు తీయడం నేర్చుకున్నది మా దగ్గరే. ఐదేళ్లు మా ఇంట్లో అన్నం తిన్నారు. డిజిటల్ కెమెరాలు రాగానే అమలాపురం వెళ్లి సొంత స్టూడియో పెట్టుకున్నారు. అది తప్పని నేనెప్పుడూ అనలేదు. వెళ్లేటప్పుడు మాత్రం మా నెగటివ్‌ల పెట్టెలు రెండు, కంప్యూటర్లోకి ఎక్కించి తెచ్చిస్తానని పట్టుకెళ్లారు. అవి తిరిగి రాలేదు. నా భర్త అడగలేదు.

ఒకసారి కెమెరా తిత్తికి చిల్లు పడితే, హైదరాబాదులో ఎవరైనా బాగుచేస్తారేమో కనుక్కోమని నా భర్త దాన్ని ఈ మరిదిగారికే ఇచ్చి పంపారు. వారం తిరక్కుండా వెనక్కి వచ్చింది. ఈ రోజుల్లో ఇదెవడిక్కావాలి, అవతల పారెయ్యండి అని మరిదిగారే అన్నారట. నా భర్త పాత గొడుగు గుడ్డ కత్తిరించి, జిగురు పెట్టి, తానే అతికించుకున్నారు.

మా స్టూడియో మూతపడ్డాక ఆయన బస్టాండు దగ్గర ఒక జెరాక్సు షాపులో మూలన కూర్చుని పాస్‌పోర్టు ఫొటోలు తీసేవారు. ఇంటికొచ్చి ఆ కెమెరా తుడుచుకుంటూ కూర్చునేవారు. ఒకరోజు నాకు ఒళ్లు మండింది. ఆయన లేనప్పుడు పాతసామాన్లవాడు వస్తే, చిల్లుపడ్డ బిందెతో పాటు దాన్నీ వేసేశాను. వాడు ఉల్లిపాయలిచ్చాడు. సాయంత్రం ఆయన వచ్చి, బీరువాలో ఖాళీ చూసి, నా వంక చూసి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. ఆ ఉల్లిపాయల పులుసుతోనే అన్నం తిన్నారు. ఆయన తిట్టి ఉంటే ఈపాటికి నేను మరిచిపోయేదాన్ని.

మరిదిగారు రమ్మన్నారని అంబాజీపేట మీదుగా బస్సులో అమలాపురం వెళ్లాను. మరిదిగారి టేబుల్ మీద ఉన్న కెమెరాని చూడగానే గుమ్మంలోనే ఆగిపోయాను. అదే తలుపు, అదే తిత్తి, అదే నల్లతోలు.

"కొత్తదండి వదినా. పోయిన నెలే తెప్పించేను. చూడ్డానికి పాతదిలా చేసేరు," అన్నారు.

చేతిలోకి తీసుకున్నాను. లోపల బ్యాటరీ ఉంది, వెలుతురు అదే కొలుచుకుంటుందట. మూలల దగ్గర మాత్రం నల్లరంగు పోయి కింద ఇత్తడి కనిపిస్తోంది. కింద పడిందా అని అడిగాను. ఆయన నవ్వారు.

"లేదండి. కంపెనీలోనే అలా అరగదీసి పంపుతారండి, బాగా వాడినట్టుండాలని. ఇప్పుడు అదే ఫేషను."

నా భర్త కెమెరాకి ఆ మూలలు అరగడానికి ముప్పై ఏళ్లు పట్టింది. కుడివైపు ఎక్కువ అరిగింది, ఆయన బొటనవేలు ఆనేది అక్కడే.

ముందు గదిలో పెళ్లి కుదిరిన జంట కూర్చుని ఉంది. అమ్మాయిది రాజోలు దగ్గర, స్కూల్లో టీచరు. పొద్దున్నే కాలవగట్టు మీద వాళ్లకి ఆ కెమెరాతో ఒక రోలు తీశారట. కడగడం చూడాలని ఆ అమ్మాయి ముచ్చటపడింది. ఫిల్మ్‌కి వెలుతురు తగలకూడదని చెప్పి, అయ్యాక పిలుస్తానన్నాను.

వెనక బాత్రూంలో తలుపు సందులకి దుప్పటి కుక్కాను. అప్పట్లో మందునీళ్లు చల్లారడానికి కుండలో నీళ్లు వాడేవాళ్లం. ఇక్కడ ఫ్రిజ్‌లో ఐసుంది. చీకట్లో, వెనకుండే నల్లకాయితం నుంచి ఫిల్మ్ విడదీసి, మందునీళ్లలో ముంచే రీలు మీదికి ఎక్కించాను. పన్నెండేళ్లుగా ముట్టుకోని పని, ఒక్కసారికే ఎక్కింది. బొమ్మ తేల్చే డెవలపర్, నీళ్లు, బొమ్మ నిలబెట్టే హైపో, మళ్లీ నీళ్లు. దీపం వేసి పైకెత్తి చూస్తే పన్నెండూ వచ్చాయి. వంక పెట్టడానికేం లేదు. ఆ అమ్మాయి చెవి పక్కన జారిన వెంట్రుకలు కూడా లెక్కపెట్టేట్టున్నాయి. కెమెరా మంచిదే.

వాళ్లని పిలుద్దామని ముందు గదిలోకి వచ్చినప్పుడు చూశాను. ఇందాక నా వీపు వెనకుండిపోయిన గోడ మీద నిలువెత్తు ఫొటో. గోదారి వరదలో ఏటి మధ్య లంక నుంచి పడవలో వస్తున్న ఆడవాళ్లు, ఒకామె ఒళ్లో మేకపిల్ల. ఆ వరదకి నా భర్త నడుంలోతు నీళ్లలో దిగి తీశారు. దాన్ని కాయితం మీద వేసింది నేను. కింద మూలన మరిదిగారి స్టూడియో ముద్ర ఉంది. ఎవరు తీశారని ఆ అమ్మాయి అడుగుతోంది. మా పెద్దవాళ్ల నుంచి వచ్చిన విద్య అని మరిదిగారు చెబుతున్నారు.

"ఇది మీ అన్నయ్య తీశారు," అన్నాను.

"ఆయ్, అన్నయ్యే తీసేరండి," అన్నారాయన, ఏమీ తడబడకుండా. "ఆయనుంటే అడిగే పెట్టేవాణ్నండి. ఇప్పుడెవరడుగుతారండి వదినా?"

"నేను అడుగుతున్నాను."

ఆ ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. వాళ్లు వెళ్లాక మాట్లాడుకుందామని ఆయన గొంతు తగ్గించి అన్నారు.

నేను బాత్రూంలోకి వెళ్లాను. ఫిల్మ్ ఇంకా తడిగా, మెత్తగా ఉంది. గోటితో ఒక్క గీత గీస్తే పన్నెండూ పోతాయి. గోరు ఆనించాను కూడా. తర్వాత, నా భర్త నేర్పినట్టే, రెండు వేళ్ల మధ్య పట్టి పైనుంచి కిందికి నీళ్లు తుడిచి, క్లిప్పు పెట్టి వేలాడదీశాను.

వాళ్లు ఫిల్మ్ చూసుకుని వెళ్లారు. మరిదిగారు కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ వరద ఫొటో చిన్నది ఒకటి వేయించి, కవర్లో పెట్టి నా చేతికిచ్చారు. బస్సులో తీసి చూస్తే దాని మీదా ఆయన ముద్రే. ఇంటికొచ్చి కత్తెర తీశాను. ముద్ర కత్తిరిస్తే మేకపిల్లను పట్టుకున్నామె చెయ్యి పోతుంది. అలాగే పెట్టెలో అడుగున పెట్టాను.

తర్వాత ఆయన మూడుసార్లు పిలిచారు, మూడుసార్లూ వెళ్లాను. రెండోసారి ముద్ర మాట ఎత్తితే కంప్యూటరు చూసే మనిషి సెలవులో ఉన్నాడన్నారు. మూడోసారి నేను అడగలేదు. ఎందుకు వెళ్తున్నావని మా చెల్లెలు అడిగితే, పిలిచినప్పుడు కాదంటే ఏం బాగుంటుందన్నాను. దుప్పటి కుక్కిన ఆ గదిలో, రీలు మీదికి ఫిల్మ్ ఎక్కిస్తున్నంతసేపూ ఇంట్లో ములక్కాడలు కోసినా వణికే నా చేతులు వణకవని దానికి చెప్పలేదు.