యూరోప్ సుంకాన్ని నేను రద్దు చేసిన వైనం

నేనొకసారి దుబాయ్‌లో కూర్చుని, అన్నం డబ్బా ముందు పెట్టుకుని, యూరోప్ వాళ్ళు వేసిన సుంకాన్ని రద్దు చేసేశాను. ఆ రద్దు సంగతి యూరోప్‌కి తెలియకపోవడం వల్ల జరిగిన అనర్థం చెబుతాను, వినండి. మీరు నవ్వినా ఏమీ అనుకోను. నాకైతే నవ్వే ఓపిక అప్పుడే అయిపోయింది.

కరోనా సద్దుమణిగాక మాట. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో అల్యూమినియం కిటికీ చట్రాలు యూరోప్‌కి పంపే ఓ చిన్న కంపెనీలో షిప్పింగు కాగితాలు చూసేవాణ్ణి. బర్ దుబాయ్‌లో మంచం అద్దెకి తీసుకుని, మెట్రోలో నిలబడి వెళ్ళి, నిలబడి తిరిగొచ్చేవాణ్ణి. కాకినాడలో పొలిటికల్ సైన్సు ఎం.ఏ. చదివాను. ఆ చదువు దుబాయ్‌లో ఎవరికీ అక్కర్లేకపోవడంతో లోపలే పులిసి, బయటికి పొంగడానికి సందు కోసం చూస్తూ ఉండేది.

సందు దొరికింది. యూరోప్ అధికారులు మా సరుకు మీద కొత్త సుంకం ప్రకటించారు. ఫలానా తేదీలోగా వాళ్ళ రేవు చేరితే సరే, ఆ తర్వాత చేరిన సరుకుకి సుంకం కట్టాల్సిందే. దాంతో ఫ్రీ జోన్ మొత్తం ఓడల మీద పడింది. మాకూ ఒక ఓడలో చోటు దొరికింది గానీ కిరాయి మండిపోతోంది.

మా గోడౌన్ సూపర్‌వైజరు బాషాది కడప. తండ్రి లేని ఇంటికి పెద్దకొడుకు. ఊళ్ళో చెల్లెలు షబానాకి నిఖా కుదిరింది, దగ్గరుండి జరిపించాల్సింది తనే. మా ముదీర్, అంటే మేనేజరు, జోర్డాన్ మనిషి. ఆయన బాషాకి మాట ఇచ్చాడు: "ఈ సరుకు ఓడెక్కిన మర్నాడు నువ్వు విమానం ఎక్కు. అప్పటిదాకా సెలవు మాటెత్తకు." పాపం, బాషా నలుగురి పని ఒక్కడే చేస్తూ పెట్టెలు కట్టించాడు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఓ మధ్యాహ్నం అన్నం తింటూ ఫోన్‌లో యూరోప్ పార్లమెంటు కమిటీ ప్రత్యక్ష ప్రసారం పెట్టాను. మా సుంకం మీదే చర్చ. అక్కడ ఏ నిర్ణయం తీసుకున్నా చట్టంలో ఫలానా అధికరణం దీనికి ఆధారం అని చూపించాలి. ఒక అధికరణం పట్టుకుంటే పార్లమెంటుని అడిగి తీరాలి. ఇంకొకటి పట్టుకుంటే అడగక్కర్లేదు. అధికారులు అడగక్కర్లేని దాన్ని పట్టుకున్నారట. ఎర్ర మఫ్లరు వేసుకున్న ఒక సభ్యుడు, వాళ్ళ తరఫున జవాబు చెప్పడానికి వచ్చిన అధికారిని ఉతికి ఆరేస్తున్నాడు.

"ఏ అధికారంతో వేశారు ఈ సుంకం? దీనికి చట్టంలో ఆధారం ఎక్కడుంది?"

అధికారి ఫైలు తిరగేయడం మొదలుపెట్టాడు. మఫ్లరాయన బల్ల గుద్దాడు. పెద్దమనుషుల పంచాయతీలు చూసి పెరిగినవాణ్ణి కదా, బల్ల గుద్దినవాడిదే తీర్పు అనుకోవడం నా రక్తంలో ఉంది. చర్చ ఇంకా సగం కూడా కాలేదు, నా డబ్బా మాత్రం ఖాళీ అయింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, అలా ఓటు లేదు తీర్పు లేదు, సుంకం మాత్రం రద్దని నేనే తేల్చేసి, చెయ్యి కడుక్కుని ముదీర్ గదిలోకి నడిచాను.

"సార్, ఓడ వద్దు. ఆ సుంకం పోతోంది."

"ఎవరు చెప్పారు?"

"వాళ్ళ పార్లమెంటే. నిర్ణయానికి ఆధారం లేదంటున్నారు. పునాది లేని గోడ ఎన్నాళ్ళు నిలబడుతుంది సార్? నెల ఆగితే కిరాయిలూ దిగుతాయి, సుంకమూ ఉండదు."

"ఖాయమేనా?"

"నేను చదువుకున్నది ఇదే సార్."

ఖాయమా అని అడిగితే చదువు గురించి చెప్పినవాణ్ణి ఆయన అక్కడే అనుమానించాల్సింది. కిరాయి కలిసొస్తుందన్న ఆశ ఆయన్నీ ముంచింది. "ఖలాస్. ఓడ కాన్సిల్" అన్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఫ్రీ జోన్ సరుకంతా రేవు వైపు వెళుతుంటే మా పెట్టెలు మళ్ళీ గోడౌన్‌లోకి వెళ్ళాయి.

ఈ శుభవార్త బాషాకి నేనే మోసుకెళ్ళాను.

"సరుకు నిలిచిపోతే మరి నా లీవు?" అన్నాడు.

"నెలేగా బాషా. నిఖా కూడా ఓ నెల వెనక్కి జరపండి."

"హాలు మాట్లాడినారు, పిలుపులు అయిపోయినాయి. ఎట్ల జరిపేదిన్నా?"

"యూరోపే వెనక్కి తగ్గుతుంటే, మీ హాలువాడు తగ్గడా?"

అవును, ఆ మాట అన్నది నేనే. ఇప్పుడు రాస్తుంటే చెంప వాయించుకోవాలనిపిస్తోంది గానీ చెయ్యి లేవడం లేదు.

కొన్నాళ్ళకి ఆ కమిటీలోనే, సుంకం మీద తమ అభిప్రాయం చెప్పడానికి, ఓటింగు పెట్టారు. సుంకం ఉండాలన్నవాళ్ళు చేతులెత్తండి అన్నారు. అందరికంటే ముందు లేచిన చెయ్యి ఎర్ర మఫ్లరాయనది. ఫోన్ తుడుచుకుని మళ్ళీ చూశాను. ఆయనే. సుంకం అనుకున్న తేదీకే అమల్లోకి వచ్చింది. సుంకం కట్టి కొనడం మావల్ల కాదని అక్కడి వ్యాపారి సరుకు వద్దన్నాడు.

ముదీర్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఆఫ్రికాలో వేరే బేరం కుదిర్చాను. కట్టలన్నీ విప్పి వాళ్ళు అడిగినట్టు మళ్ళీ కట్టాలి. అది అయ్యేదాకా బాషా కదలడానికి లేదు. నువ్వు కూడా గోడౌన్‌కి వెళ్ళు. యల్లా, కదులు" అన్నాడు నీరసంగా.

నిఖా రోజున మేమిద్దరం గోడౌన్ రేకుల కింద ఉడికిపోతున్నాం. బాషా ఫోన్‌ని ఓ పెట్టె మీద నిలబెట్టి, వీడియోలో పెళ్ళి చూస్తూనే చట్రాలకి టేపు చుడుతున్నాడు. నేను రెండో కొస పట్టుకున్నాను. అక్కడ ఖాజీగారు వచ్చి కూర్చున్నారో లేదో పెద్ద గోల మొదలైంది. ఓ ముసలాయన భుజం మీది కండువా విసిరికొట్టి అరుస్తున్నాడు.

"ఎవర్ని అడిగి కుదిర్చినారు ఈ సంబంధం? ఏం అధికారం ఉండాది మీకు?"

నాకు పై ప్రాణం పైనే పోయింది. సుంకాన్ని ఆపలేకపోయిన నేను, పెద్దకొడుకుని ఇక్కడ ఇరికించి చివరికి పెళ్ళి ఆపించానా అనుకున్నాను. ఇంతలో తెర మీదికి బాషా వాళ్ళమ్మ వచ్చింది.

"నువ్వేం గాబరా పడొద్దు నాయనా. మీ మామే. పిల్లోడు ఆయనకీ నచ్చినాడు. మొదటి మాట తనకు చెప్పలేదని అలిగినాడు, అంతే. రొంచేపు ఆగు, ఆయనే ముందుండి జరిపిస్తాడు."

అలాగే జరిగింది. సమ్మతమే, ఖబూల్ అన్న మాట వినబడి అందరూ చేతులెత్తి దువా చేస్తుంటే, అందరికంటే ముందు లేచిన చేతులు ఆ మామవే.

ఆ చేతులు చూశాక నాకు మఫ్లరాయన చెయ్యి అర్థమైంది. ఆనాటి ప్రసారం వెతికి పట్టుకుని చివరిదాకా విన్నాను. నేను డబ్బా మూసి లేచాక ఆయన అన్న మాట ఇది: "సుంకం వేయడం మంచిదే. ముందు మమ్మల్ని అడిగి ఉంటే ఇంకాస్త ఎక్కువే వేసేవాళ్ళం." పెళ్ళిపెళ్ళికీ మేనమామల అలకలు తీర్చిన వంశంలో పుట్టి, కళ్ళెదుట కూర్చున్న మేనమామని పోల్చుకోలేకపోయాను.

బాషా ఫోన్ జేబులో పెట్టుకుని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ టేపు అందుకున్నాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. చట్రం మీద చెయ్యి వేసి అక్కడికక్కడే ప్రమాణం చేశాను.

"బాషా, ఈ అల్యూమినియం సాక్షిగా చెబుతున్నాను. ఇకమీదట పార్లమెంటులో గానీ పెళ్ళిపందిట్లో గానీ ఎవరు ఎంత గట్టిగా బల్ల గుద్దినా, ఆయనకి కోపం పని మీదా, తనని అడగలేదనా అన్నది కనుక్కోకుండా ఒక్క పెట్టె కూడా ఆపను."

బాషా టేపు తెంపి నా వైపు చూశాడు.

"మంచిదేన్నా. మా పెట్టెలు ఆపేటప్పుడు నన్ను కూడా ఒక మాట అడిగి ఉంటే బాగుండు."