రకం మార్చిన కాగితం

నాతో వాదనకు దిగి గెలిచినవాళ్లు తక్కువ. మేముండే హిందీ ఊరు ఉస్లాపూర్‌లో మా వీధికి కూరగాయలు తెచ్చే ఆవిడ దగ్గర్నుంచి మా ఫ్యాక్టరీ మేనేజరు దాకా అందరికీ తెలిసిన సంగతే. అలాంటి నేను, నోరు విప్పి తీరాల్సిన ఒక్క రోజున, నలుగురి మధ్య టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను.

గూడ్సు రైలు డబ్బాల కింద వేసే రబ్బరు ప్యాడ్లు చేసే చిన్న ఫ్యాక్టరీ మాది. క్వాలిటీ కాగితాలన్నీ నా చేతిలో ఉంటాయి. కాగితాలని పేరే గానీ ఇప్పుడన్నీ సాఫ్ట్‌వేర్‌లోనే. అందులో ప్రతి డాక్యుమెంటుకూ ఒక టైపు ఉంటుంది. ‘వర్క్ ఇన్‌స్ట్రక్షన్’ అని పెడితే అది పనివాళ్ల టాబ్లెట్‌లోకి వస్తుంది. చదివి, చదివామని నొక్కితే గాని పని మొదలుపెట్టనివ్వదు. ‘రిఫరెన్స్’ అని పెడితే అటకెక్కించినట్టే. ఉంటుంది, ఎవరికీ కనపడదు.

రబ్బరు కలిపే గదికి ఇన్‌చార్జి ఒక పెద్దాయన. శ్రీకాకుళం వైపు మనిషి. రైల్వే షెడ్డులో మా నాన్న కింద పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడ కాంట్రాక్టు మీద చేరాడు. బాబాయ్ అనే పిలుస్తాను. వానాకాలంలో రబ్బరులో కలిపే సుద్దపొడికి చెమ్మ పడుతుంది. ఆరబెట్టకుండా కలిపితే ప్యాడ్లలో బుడగలు లేస్తాయి. ఆ చెమ్మ కనిపెట్టడం ఎలాగో ఆయన చెబుతుంటే నేనే హిందీలో రాసి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాను. ఆయనకు హిందీ మాట్లాడటం వచ్చు, తడుముకుంటూ చదవడం వచ్చు, రాయడం రాదు.

"పిడికిట్లో పట్టి ఒగ్గీమను. అరిసెల పిండిలాగ ముద్ద నిలబడిందనుకో, ఇంకా సెమ్ముంది. ట్రేలో ఏసి మళ్లీ ఆరబెట్టాల. పొడిపొడిగా రాలిపోతే కలిపీవచ్చు."

"చెమ్మ ఎంత శాతమో చెప్పు బాబాయ్, శాతం! మధ్యలో అరిసెలేమిటి?"

"శాతం నీ మిషను సెప్తాది. అది పాడై ఏడాదైపోనాది. సెయ్యి ఇంకా పాడవనేదు కదేటమ్మా!"

అక్కడున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఇక్కడి పల్లెల వాళ్లు. అరిసె లాంటిదే వాళ్లిళ్లలోనూ వండుతారు, అయిర్సా అంటారు. ఆ ఒక్క పోలికతో వాళ్లకు అంతా అర్థమైపోయింది. నాకు మాత్రం నవ్వే గుచ్చుకుంది.

జూన్‌లో ఆడిట్. కొలత లేని వర్క్ ఇన్‌స్ట్రక్షన్ పక్కన సాఫ్ట్‌వేర్ ఎర్ర గుర్తు పెడుతుంది. నా జాబితా మొత్తంలో ఎర్ర గుర్తు ఉన్నది ఈ ఒక్కదానికే. పాడైన ఆ చెమ్మ కొలిచే మిషను బాగుచేయించమని మేనేజరుతో పోట్లాడాల్సింది. పోట్లాటలు నాకేం కొత్తా? అది మానేసి డాక్యుమెంటు తెరిచి టైపు మార్చాను, రిఫరెన్స్ అని. ఇలా మారిస్తే పనివాళ్ల జాబితాల్లోంచి ఇది పోతుంది, సరేనా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. చదవకుండా నొక్కేశానని చెప్పుకోవచ్చు. కానీ చదివాను. మార్పుకు కారణం రాయమని ఒక గడి వచ్చింది. వర్గీకరణ సవరణ అని రెండు ఇంగ్లీషు ముక్కలు కొట్టాను. ఎర్ర గుర్తు పోయింది. అరిసెల కబుర్లు కూడా ఇన్‌స్ట్రక్షనేనా అని నవ్వుకున్నాను. ఆడిట్ అయ్యాక మళ్లీ మారుద్దామనుకున్నాను, మార్చలేదు. బాబాయ్‌కి చెప్పనూలేదు.

జులైలో ఆయన వారం రోజులు సెలవు పెట్టాడు. కలిపే గదిలోని పాతవాళ్లు వరినాట్లకని ఊళ్లకు పోతే, ఆ వారమే వాళ్ల బదులు ఒకావిడ కొత్తగా వచ్చింది. టాబ్లెట్ చూపించినవన్నీ శ్రద్ధగా చదివి, అందులో లేని పని చేయకుండా, పొడిని ఉన్నపళంగా కలిపేసింది. ఆ వారం ప్యాడ్లన్నీ బుడగలు.

బాబాయ్ తిరిగొచ్చిన రోజున మేనేజరు గదిలో విచారణ. ఆరబెట్టమని ఎక్కడా లేదు సార్ అని కొత్తావిడ ఏడుపు గొంతుతో చెప్పింది.

"ఉంది సాబ్, టాబ్లెట్‌లో ఉంది," అన్నాడు బాబాయ్ హిందీలో.

"అచ్ఛా? దిఖాయియే," అని మేనేజరు టాబ్లెట్‌ను ఆయన ముందుకు తోశాడు.

ఆయన కళ్లజోడు పెట్టుకుని, బండవేలితో జాబితాను కిందిదాకా జరిపాడు. మళ్లీ పైనుంచి మొదలుపెట్టాడు. మూడోసారి కూడా. చివరికి నా వైపు తిరిగి, "నానే ఏదో తప్పు నొక్కీసుంటానమ్మా," అని, మేనేజరుకు చేతులు జోడించాడు. "గల్తీ మేరీ హై సాబ్."

టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నది అప్పుడే. ఉద్యోగం పోతుందన్న భయం కాదు. తప్పు నాది అని ఎప్పుడూ అని ఎరగను, ఆ మాటకు నా నోరు తిరగలేదు. ఏ డాక్యుమెంటును ఎవరు మార్చారో హిస్టరీ తెరిస్తే తెలుస్తుంది. దాన్ని తెరవడం ఆ గదిలో నాకొక్కదానికే వచ్చు. బాబాయ్‌ని ఆ రోజే స్టోరుకు మార్చారు. సెప్టెంబరులో కాంట్రాక్టు అయిపోతుంది, ఇక పొడిగించేది లేదన్నాడు మేనేజరు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ బాబాయ్ నా టేబులు దగ్గరికి వచ్చాడు.

"అందులో ఎతకడం ఎలగో నాకొకపాలి నేర్పమ్మా. ఈ ఏలు ఎక్కడ తగిలి ఏటి సెరిగిపోనాదో. ఇంకోపాలి అలగ అవ్వకూడదు."

నేర్పాను. ఆయన జాబితాలో లేదని నాకు తెలిసినదాన్ని ఎలా వెతకాలో, మూడు రోజులు, పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ నేర్పాను. మూడో రోజున ప్రెస్సు శుభ్రం చేసే ఇన్‌స్ట్రక్షన్ తనంతట తానే పట్టుకుని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. "దొరికీసింది! మరి నాదెక్కడికి పోనాదో!" సర్వర్‌లో ఏదో తేడా అయ్యుంటుందన్నాను. "నీ మేలు మరిసిపోనమ్మా," అని టిఫిన్ డబ్బా పట్టుకుని స్టోరు వైపు వెళ్లిపోయాడు.

తినబోతున్న డబ్బాను పక్కకు నెట్టేశాను. డాక్యుమెంటు తెరిచి టైపును వెనక్కి మార్చాను. మళ్లీ అదే గడి, కారణం రాయమని. వేళ్లు అలవాటుగా వర్గీకరణ సవరణ అనే కొట్టాయి. చెరిపేసి హిందీలో రాశాను: ఆడిట్‌లో ఎర్ర గుర్తు కనపడకూడదని జూన్‌లో నేనే టైపు మార్చాను, అందుకే టాబ్లెట్‌లోంచి పోయింది, కలిపే గది ఇన్‌చార్జి తప్పు ఏమీ లేదు. రిఫరెన్స్‌గా మార్చడానికి ఎవరి ఆమోదమూ అక్కర్లేదు గానీ, వర్క్ ఇన్‌స్ట్రక్షన్ చేస్తే ఆమోదం కోసం అది నేరుగా మేనేజరుకు వెళ్తుంది. పంపేసి స్టోరుకు నడిచాను.

అంతా విని బాబాయ్ చేతిలోని బోల్టుల డబ్బాకు మూత బిగించాడు.

"మూడ్రోజులు నేర్పినావు కదే," అన్నాడు. "అంత నోరున్నదానివి, ఆ రోజు ఏటైపోనాది ఆ నోరు?"



నాకు మెమో వచ్చింది. ఆయన కలిపే గదికి తిరిగి వెళ్లాడు, కాంట్రాక్టు కూడా పొడిగించారు. ఎదురైతే బాగున్నావా అని అడుగుతాడు. కానీ పోయిన నెల గంధకం నిలవ చేయడం మీద కొత్త ఇన్‌స్ట్రక్షన్ అవసరమైతే, దాన్ని ఆ కొత్తావిడకు చెప్పి రాయించాడు. ఆవిడ చేతిరాతతో కాగితం నా టేబులు మీదికి వచ్చింది. అందులోనూ ఒక్క కొలత లేదు, వంటింటి పోలికలే. ఒక్క మాట మార్చకుండా ఎక్కించి, టైపు దగ్గర వర్క్ ఇన్‌స్ట్రక్షన్ అని పెట్టాను. ఎర్ర గుర్తు పడింది. దాన్ని అలాగే ఉంచి, పాడైన మిషను సంగతి తేల్చమని అడగడానికి మేనేజరు గదికి బయల్దేరాను.