శ్రీపతి పికప్పుకు సూపర్‌చార్జర్

గన్‌ఫౌండ్రీ ఎత్తు ఎక్కడానికి శ్రీపతి పికప్పు కొన్నాళ్లుగా మొరాయిస్తోంది. అఫ్జల్‌గంజ్ గోదాముల్లో పండ్ల పెట్టెలు ఎత్తుకుని, పొద్దున్నే మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీమ్ దుకాణాలకూ, ఆ పైన ఆబిడ్స్ హోటళ్లకూ చేర్చడం ఆయన పని. ముగ్గిన సీతాఫలం ఎవరి కోసమూ ఆగదు కదా. ఆలస్యాలు ఎక్కువయ్యేసరికి, బండి మారుస్తావా, మమ్మల్ని ఇంకొకణ్ణి చూసుకోమంటావా అని దుకాణంవాళ్లు ముఖం మీదే అడిగేశారు.

ఇంకొకడైతే బండి మార్చి ఊరుకునేవాడు. శ్రీపతి మార్చడు. దాంట్లో ఎడమ పక్క సీటు వసుమతిది. బండి కొన్న రోజు నుంచీ ఆయన భార్య అందులోనే కూర్చుని ఊరంతా తిరిగింది. వానాకాలం మొదట్లో ఉన్నట్టుండి గుండె ఆగి చనిపోయింది. ఆయన ఏడవలేదు. చుట్టాలు గుసగుసలాడుకున్నారు. ఆడుకోనీ, వాళ్లకేం తెలుసు! ఆయనకు దుఃఖం కాదు, అసలేమీ తెలియడం లేదు. కూరలో ఉప్పు ఉందో లేదో తెలియదు. పెడితే తింటాడు. ఈ బండి అమ్మితే ఆ సీటు కూడా పోతుందన్న భయం ఒక్కటే ఆయనలో మిగిలింది.

అందుకే నాంపల్లి స్టేషన్ వెనక గట్టయ్య షెడ్డుకు వచ్చాడు. గట్టయ్య పాత మెకానిక్కు, భార్యాభర్తలిద్దరినీ ఎరిగినవాడు. ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా కుక్కి బలం పెంచే సూపర్‌చార్జర్లు బిగించడంలో అతనిది అందె వేసిన చెయ్యి.

"రెండు తీర్లున్నయన్నా" అన్నాడు గట్టయ్య. "గిది షురూలకెల్లే గుంజుతది. గదేమో బండి ఉరికినంక అందుకుంటది. ఖాళీ రోడ్ల మీద రేసులు కొట్టే పోరగాండ్లకు గదే పసందు. నీ బండి రోజు యాడ తిరుగుతది?"

"అఫ్జల్‌గంజ్, ఆబిడ్స్."

"సిగ్నల్ సిగ్నల్‌కు ఆగుడే! అయితే నీకు గీ మొదటిదే. కాని రోజు లోడేసే బండి, గాలి ఎక్కువ కొట్టిస్తే ఇంజన్ ఉడుకుతది. జర తక్కువ మీదనే పెడ్త. ఏమంటవ్?"

"నీకేది మంచిగనిపిస్తే గది పెట్టు."

"ఔ, గట్లనే అంటవ్. పద, ముందుగాల బండెట్ల గుంజుతదో చూద్దాం."

గట్టయ్య వెళ్లి ఎడమ తలుపు తీశాడు. ఆమె పోయాక ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు. శ్రీపతి వద్దనేలోపే ఎక్కి కూర్చున్నాడు.

గన్‌ఫౌండ్రీ ఎత్తు మీద ట్రాఫిక్ ఆగింది. శ్రీపతి హ్యాండ్‌బ్రేక్ లాగాడు, కదలగానే దించాడు. బండి మూలుగుతూ ఈడ్చుకుంటూ పోయింది.

"ఏందన్నా, కాలిన వాసన? నీకొస్తలేదా?"

"లేదు."

గట్టయ్య కిందికి చూశాడు. హ్యాండ్‌బ్రేక్ సగంలోనే నిలబడి ఉంది. దాన్ని కొంచెం పైకెత్తి, అరచేత్తో గట్టిగా కిందికి నొక్కాడు. టక్కుమంది. బండి ఒక్క ఉదుటున ముందుకు దూకింది.

"ఇంజన్‌కు ఏం కాలే! ఇన్నొద్దులు బ్రేక్ పట్టుకొనే గుంజిస్తున్నవ్. రోజు నడిపేటోనివి, గిది దించనీకి రాదా?"

నిజంగానే రాదు. కొత్తలో ఒకసారి బండి ఇదే ఎత్తు మీద వెనక్కి జారితే, వసుమతి చటుక్కున ఆ బ్రేక్ లాగి ఆపింది. అప్పటి నుంచి అది ఆమె పని. ఆయన క్లచ్ వదులుతూ "దించు" అనేవాడు, ఆమె "దించిన" అనేది. కొసన బిగుసుకునే ఆ రాడ్డును ఎలా లొంగదీయాలో ఆమె చేతికే తెలుసు. హ్యాండ్‌బ్రేక్ దిగలేదని చూపే ఎర్ర దీపం ఎప్పుడో మాడిపోయింది. ఆమె ఉండగా దీపంతో పనేముంది?

"ఎందుకు దించినవ్?" అని ఒక్కసారిగా అరిచాడు శ్రీపతి. "నిన్నెవడు దించమన్నడు?"

గట్టయ్య బిత్తరపోయాడు. అప్పుడు ఆ సీటు ఎవరిదో గుర్తొచ్చి తల దించుకున్నాడు.

షెడ్డు ముందు దిగాక మెల్లగా అన్నాడు. "బ్రేకులు మార్పిస్త, రేపు తీసుకరా అన్నా. సూపర్‌చార్జర్ అక్కరలేదు."

"పెట్టు. ఇంజన్‌లనే బలం లేదు."

"ఉన్నదన్నా."

"లేదంటున్న గదా! పెట్టు, గట్టయ్యా."

"పెట్టను" అని గట్టయ్య లోపలికి వెళ్లిపోయాడు.

శ్రీపతి ఒంటరిగా తిరిగి వచ్చాడు. అదే ఎత్తు, అదే రద్దీ. అలవాటుగా హ్యాండ్‌బ్రేక్ లాగాడు. ముందున్న బస్సు కదిలింది.

"దించు" అన్నాడు.

వెనక హారన్లు మోగాయి. ఎవరో ఉర్దూలో తిట్టారు. ఆయన ఎడమ సీటు వైపు చూస్తూ అలాగే ఉండిపోయాడు. తర్వాత రాడ్డును కొంచెం పైకెత్తి, అరచేత్తో కొసదాకా నొక్కాడు.

"దించిన" అన్నాడు తనే.

బండి తేలిగ్గా ఎత్తు ఎక్కింది. కాలిన వాసన ఇప్పుడు ఆయన ముక్కుకు తగిలింది. ఎదురుగా రోడ్డు కనబడక పక్కకు ఆపి, చొక్కా అంచుతో కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.